చెవి రాసుకున్న ఊరు

నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో మా బోగీ సగానికి పైగా తెలుగే. సంక్రాంతికి ఊరొచ్చి తిరిగి సూరత్ పోతున్న పద్మశాలీ కుటుంబాలు. సీట్ల కింద బియ్యం బస్తాలు, సకినాల డబ్బాలు, మూతికి బట్ట కట్టిన తొక్కు సీసాలు. వరంగల్లులో ఎక్కిన నన్ను ఎదుటి సీటు పెద్దమ్మ ఒక్క ప్రశ్నతో తూచేసింది.

"కొత్తగ పోతున్నవా బిడ్డా, పాతోడివేనా?"

"ఊరికే చూసొద్దామని పోతున్నా."

"చూసేటందుకు ఏమున్నదక్కడ? సాంచాలు, సప్పుడు." పెద్దమ్మ నవ్వింది. కాసేపాగి, నేను బెంగపడ్డానని అనుకుందో ఏమో, "అలవాటైతది తియ్యి" అంది.

నేను నిజంగా చూడాలనుకున్నవి వేరే. సూరత్ దగ్గర సముద్రపు బురదలో నడిచే చేపలుంటాయని, చలికాలంలో తపతి మీదికి హిమాలయాల అవతలి నుంచి పక్షులొస్తాయని చదివాను. ఏ జీవి ఏ చోటికి ఎలా సర్దుకుంటుందన్నది నేను పత్రికల్లో తరచూ రాసే విషయం. పైగా ముప్పై ఏళ్ళకు పైగా అక్కడే ఉంటున్న మా చిన్నాయన ప్రతి పండక్కీ రమ్మంటూనే ఉన్నాడు. ఈసారి బయల్దేరాను.

తెల్లారి భుసావల్ దాటాక రైలు తపతి లోయలో పడింది. అక్కడివాళ్ళు తాపీ అంటారు. మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు పడమటికి నడిచి అరేబియా సముద్రంలో కలుస్తుంది. పేరు విని తాపీగా పారే నది అనుకుంటే పొరపాటు. 2006 ఆగస్టులో సూరత్‌లో చాలా భాగాన్ని ముంచెత్తింది ఈ నదే. నవాపూర్ స్టేషన్ రెండు రాష్ట్రాల హద్దు మీద ఉంది. అక్కడ ఒక బెంచీ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. పిల్లలు ఇటు చివర నుంచి అటు చివరికి జరుగుతూ రాష్ట్రాలు మారుతున్నారు.

ఆ తర్వాత వచ్చేది ఉకాయ్ సోన్‌గఢ్. ఆనకట్ట రైల్లోంచి కనపడదు. అయినా నేను కిటికీ వదల్లేదు. గోదావరి జిల్లాల వాళ్ళకు చెబితే నమ్మని సంగతొకటి ఆ జలాశయంలో ఉంది.

మన దగ్గర ఒక చేపకు రెండు పేర్లు. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరద గోదావరికి ఎదురీది మంచినీళ్ళలోకి వచ్చాక పులస. చేప అదే, నీరు మారితే పేరు మారుతుంది, రుచి మారుతుంది, ధర సంగతి చెప్పనక్కర్లేదు. పుస్తెలమ్మైనా తినమన్నది పులసనే కానీ విలసను కాదు. బెంగాలీల హిల్సా, మన పులస ఒకే జాతి. పడమటి తీరంలో నర్మదా, తపతుల్లోకీ అది గుడ్లు పెట్టడానికి ఎక్కేది. తపతి మీద 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో దానికి ఎగువన ఉకాయ్ వచ్చాయి. కింది నుంచి ఎక్కే దారి మూసుకుపోయింది. కానీ ఉకాయ్ జలాశయంలో హిల్సా బతుకుతోందనీ, సముద్రం ముఖం చూడకుండా అక్కడే పిల్లలు పెడుతోందనీ బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఏటా సముద్రానికీ నదికీ మధ్య తిరగడమే బతుకైన చేప, కట్టేసిన నీళ్ళలో కాపురం పెట్టింది.

ఒక చేప సముద్రం చూసిందో లేదో ఎలా తెలుస్తుంది? దాని చెవి చెబుతుంది. చేప తలలో, లోపలి చెవిలో, చిన్న రాయి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లాగా ఆ రాయి మీద పొర మీద పొర పేరుకుంటుంది. ఉప్పునీటిలో గడిపిన కాలపు పొరల్లో స్ట్రాన్షియం ఎక్కువ, మంచినీటి పొరల్లో తక్కువ. రాయిని పలచగా అరగదీసి పరీక్షిస్తే ఆ చేప ఎప్పుడు ఎక్కడ తిరిగిందో చాలావరకు చదవొచ్చు. తను బతికిన ఊళ్ళ పేర్లన్నీ చేప తన చెవిలోనే రాసి పెట్టుకుంటుంది.

స్టేషన్‌కు చిన్నాయన వచ్చాడు. "మీ నాయిన మంచిగున్నడా?" అని ఆయన అడిగిన అడుగుకు పక్క ప్లాట్‌ఫాం మీదివాళ్ళు తిరిగి చూశారు. కోపం కాదు, పిలుపు కాదు. అది ఆయన మామూలు గొంతు.

లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు. ఆ వీధిలో తెలుగు ఒక్కటీ వస్తే చాలు, బతికేయొచ్చు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, ఉర్దూ, మరాఠీ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతుంది. మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, ఐదో తరగతి దాకా చదివింది అలాంటి బడిలోనే. ఇప్పుడు బట్టల మార్కెట్‌లో ఒక దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. వాడి గొంతు మెత్తన. వాడు మాట్లాడింది తండ్రికి వినపడదు. తండ్రి మాట్లాడితే వాడికి తలనొప్పి. మధ్యలో చిన్నమ్మ నిలబడి అటుది ఇటు, ఇటుది అటు అందిస్తుంటుంది. ముగ్గురూ మాట్లాడేది తెలుగే.

సాయంత్రం చిన్నాయన తన కార్ఖానా చూపించాడు. రేకుల షెడ్డు, లోపల వరసలు వరసలుగా సాంచాలు. మరమగ్గం అని మనం పుస్తకాల్లో రాసుకునేదాన్ని అక్కడ ఎవరూ అలా అనరు. ఒక్కో సాంచ వెనక నూలు చుట్టిన భీము, ముందు పక్క నేసిన బట్ట, మధ్యలో ఇటూ అటూ కొట్టుకునే నాడె. నాడెలో కండె అయిపోతే క్షణంలో మార్చాలి, పోగు తెగితే క్షణంలో అతకాలి. ఒక మనిషి ఇన్ని సాంచాల మధ్య తిరుగుతూ అది గమనించేది కంటితో అనుకున్నాను. కాదట. సప్పుడులో తేడా వస్తే తల అటు తిరుగుతుందట. ఆ మాట ఆయన నా చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పాడు.

చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు ప్రకటించాడు. రొదకు తగ్గట్టు గొంతు మార్చుకోవడం మనుషులకే పరిమితం కాదని తర్వాత తేలింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో స్లాబెకోర్న్, పేట్ అనే ఇద్దరు పరిశోధకులు వీధివీధికీ తిరిగి, పిచ్చుకంత ఉండే గ్రేట్ టిట్ అనే పక్షి పాటను రికార్డు చేశారు. వాహనాల రొద మందమైన గుయ్‌మనే శబ్దం. ఆ రొద ఎక్కువున్న వీధుల్లో మగపక్షులు పాటలోని మంద్ర స్వరాలు వదిలేసి, పై స్థాయిలో పాడుతున్నాయి. 2003లో ఆ ఫలితం అచ్చయ్యాక ఎన్నో ఊళ్ళలో, ఎన్నో పక్షుల్లో ఇలాంటిదే కనిపించింది. చోటు మారితే జీవి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఇదొక చక్కని జవాబు: పాట మార్చుకుంటుంది.

కథ అక్కడితో ఆపితే పక్షీ గెలిచింది, చిన్నాయనా గెలిచాడు. కానీ చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుడు తగిలితే అవి రాలిపోతాయి. పక్షి చెవిలో రాలిన కణాలు మళ్ళీ మొలుస్తాయని 1988లో తేలింది. చేపలోనూ మొలుస్తాయి. మనిషికి మాత్రం పోయినవి పోయినట్టే.

"ఇంత సప్పుడుల ఎట్లుంటున్నవ్ చిన్నాయన?" రాత్రి అన్నం దగ్గర అడిగాను. చిన్నమ్మ అందించింది.

"అలవాటైంది బిడ్డా. కరెంటు పోయి సాంచాలు బందైతేనే నాకు మెలకువ వస్తది" అన్నాడు.

మర్నాడు పొద్దున తమ్ముడు బైక్ మీద తాపీ కాజ్‌వే దగ్గరికి తీసుకెళ్ళాడు. సింగణ్‌పోర్, రాందేర్‌ల మధ్య నదికి అడ్డంగా 1995లో కట్టిన ఆనకట్ట అది. దాని మీదే రోడ్డు. వానాకాలంలో నీళ్ళు పైనుంచి పొర్లితే రోడ్డు మూసేస్తారు. నగరానికి తాగునీరు నిలపాలని, సముద్రపు పోటు పైకెక్కకుండా ఆపాలని కట్టారు.

మధ్యలో నిలబడి ఎడమకు చూసి, కుడికి చూశాను. ఒకే నది ఇటొకలా, అటొకలా ఉంది. ఎగువన కదలని మంచినీళ్ళు, వాటి మీద గుర్రపుడెక్క. దిగువన పోటు వెనక్కి తగ్గాక మిగిలిన బూడిదరంగు బురద. గుర్రపుడెక్కకు ఉప్పు గిట్టదు. గోడ లేని రోజుల్లో పోటునీరు వచ్చి దాని హద్దు తేల్చేది. గోడ ఆ ఉప్పును ఆపింది, నగరపు మురుగు దానికి ఎరువైంది. అమెజాన్ నుంచి వచ్చిన ఆ మొక్కను మనం చెరువుల్లో తిట్టుకుంటూ పీకుతుంటాం కానీ, దాని వేర్లను తీరిగ్గా చూడం. నీటిలో పోషకాలు తక్కువైతే వేర్లు పొడుగ్గా పెరిగి తిండి వెతుక్కుంటాయి. మురుగు దండిగా ఉంటే పొట్టివేర్లతోనే సరిపెట్టుకుని బలమంతా ఆకుల్లో పెడుతుంది. విత్తనం మారలేదు, జాతి మారలేదు, చోటును బట్టి ఒళ్ళు మాత్రం మారింది. కుంచెలాంటి ఆ వేరు పొడవు చూసి నీరెంత మురికో అంచనా కట్టొచ్చు.

ఇంతలో తలల మీద గోల మొదలైంది. తెల్లని పక్షులు వందలుగా రేగాయి. వంతెన అంచున నిలబడ్డ ఒకాయన పొట్లం విప్పి గాఠియా విసురుతున్నాడు. శనగపిండి, నూనె, ఉప్పు, సోడా కలిపి వత్తిన కారప్పూసలాంటి పదార్థం. అవి గాలిలోనే పట్టుకుంటున్నాయి. గల్ అనే ఈ పక్షుల్లో గోధుమతల గల్ లడాఖ్, టిబెట్ పీఠభూముల్లోని సరస్సుల దగ్గర గూడు కడుతుంది. చలికి ఇటు దిగుతుంది. గోధుమతల అని పేరే కానీ ఇప్పుడు తల తెల్లగా, చెవి దగ్గర ఒక్క ముదురు మచ్చతో ఉంది. తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే వేళకి ఆ గోధుమరంగు ముసుగు వస్తుంది. వేల కిలోమీటర్ల దారి, ఎక్కే దిగే వేళలు దాని ఒంట్లోనే ఉన్నాయి. వాటిని తరాలు రాశాయి. గాఠియాకు ఎగబడటం మాత్రం ఈ వంతెన మీద నేర్చుకున్నది.

పక్షి తప్పేం లేదు. ఎగిరే చిన్న ముక్క అంటే తిండి అని దాని కన్ను యుగాలుగా నమ్ముతోంది. నమ్మకం పాతది, ముక్క కొత్తది. 1998లో హంగరీ శాస్త్రవేత్తలు ఇలాంటిదే ఒక వింత వివరించారు. మేఫ్లై అనే పురుగులు ఎండిన తారురోడ్డు మీద గుడ్లు పెడుతున్నాయి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగుకు ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. ఆ పురుగు నీటిని గుర్తుపట్టేది దాన్ని బట్టే. నల్లగా నిగనిగలాడే తారు మీది వెలుగుదీ అదే తీరు, ఒక్కోసారి నీటి కంటే ఎక్కువగా. గుడ్లన్నీ మాడిపోతాయి. దీన్ని శాస్త్రవేత్తలు ఉచ్చు అంటారు. ఎవరూ పన్నని ఉచ్చు. జీవులు గుంపులుగా చేరాయంటే అక్కడ వాటికి బాగుందని రాసుకుపోకూడదని ఇలాంటి పరిశోధనలు నేర్పాయి. తలలు లెక్కపెడితే చాలదు, గుడ్లెన్ని పెట్టాయి, పిల్లలెన్ని బతికాయి అన్న లెక్కా కావాలి.

"అన్నా, పోంక్ తిందువు రా" అని తమ్ముడు ఒడ్డున గుడారాల వైపు లాగాడు. చలికాలమంతా ఇక్కడ దొరికే తిండి. లేత జొన్నకంకులు కాల్చి, దులిపి, పచ్చని గింజల్ని కారప్పూసతో కలిపి ఇచ్చారు. నోట్లో వేసుకోగానే తెలిసిపోయింది. మన ఊచబియ్యం! చేను గట్టు మీద మంట పెట్టి, కంకులు దుప్పట్లో రుద్ది తిన్నవే. ఇది తన తండ్రి చిన్నప్పటి తిండి అని తమ్ముడికి తెలియదు. పేరు మారింది కదా.

మూడో రోజు డూమస్ వైపు వెళ్ళాం. నల్ల ఇసుక తీరం, సెలవురోజైతే టొమాటో భజియాల కోసం జనం. మేం జనాన్ని దాటి ఖాడీ ఒడ్డుకు పోయాం. సముద్రపు నీరు లోపలికి వచ్చిపోయే పాయను అక్కడ ఖాడీ అంటారు. ఖంభాత్ అఖాతం గరాటులా లోపలికి సన్నబడుతుంది. అందుకే లోపలికి పోయేకొద్దీ పోటు ఎత్తు పెరుగుతుంది. భావనగర్ దగ్గర పోటుకూ పాటుకూ తేడా పది మీటర్లు దాటుతుంది. మన కాకినాడ తీరంలో అది రెండు మీటర్ల లోపే. మూడంతస్తుల మేడ మునిగేంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చి వెళ్ళే చోట ఏ జీవైనా ఒకటి తేల్చుకోవాలి. నీటితో పాటు వెళ్ళిపోవాలి, లేదా ఆరుబయట ఆరుగంటలు ఓర్చుకోవాలి.

బురదచేప రెండోది ఎంచుకుంది. గుజరాతీలో లేవటా. మొదట బురద మీద బుడగలేమో అనుకున్నాను. బుడగలకు కళ్ళున్నాయి, అవి తల నడినెత్తిన ఉన్నాయి. చెయ్యంత పొడవు కూడా లేదు. ఒంటి మీద నీలిచుక్కలు. ముందు రెక్కల్ని చేతికర్రల్లా ఆనించి ముందుకు జరుగుతోంది. తలను అటూ ఇటూ ఊపుతూ బురద పైపొరలోని నాచును మేస్తోంది, గేదె గడ్డి మేసినట్టు. ఉండుండి పక్కకు దొర్లి ఒళ్ళు తడుపుకుంటుంది, కన్ను గుంటలోకి లాక్కుని తడి చేసుకుంటుంది. మొప్పల అరలో నీరు పట్టుకుని, తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీలుస్తుంది. దీని దాయాదులు కొన్ని నోటినిండా గాలి పట్టుకెళ్ళి బొరియ అడుగున ఒక గదిలో వదులుతాయి. నీరు నిండిన నేలలో గాలిగది. గుడ్లు ఆ గది పైకప్పుకు అతికి ఉంటాయి. ఈ నీలిచుక్కల బురదచేపను 1837లో వలెన్సియన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పుస్తకానికెక్కించాడు. ఆ ఖాడీలో మోకాలిలోతు బురదలో వంగి, బొరియలోకి భుజం దాకా చెయ్యి దూర్చి దాన్ని పట్టే మనిషికి ఆ పుస్తకంతో పనిలేదు. సంచిలో చేపలు గిలగిలలాడుతున్నాయి. ఏ బొరియలో ఉందో ఎలా తెలుస్తుందని హిందీలో అడిగాను. బురద మీద జారిన గీతలు చూపించి నవ్వాడు.

ఒడ్డుకు లాగిన ఒక పడవ అడుగున తెల్లని గుల్లలు గరుకుగా అతుక్కుని ఉన్నాయి. బార్నకిల్స్. వీటి మీద జరిగిన ఒక పరిశోధన ఇవాళ్టికీ జీవావరణ శాస్త్రం చదివే ప్రతివాడికీ పాఠం. స్కాట్లాండ్‌లో మిల్‌పోర్ట్ అనే చోట తీరపు రాళ్ళ మీద రెండు జాతుల బార్నకిల్స్ ఉన్నాయి. చిన్న జాతి ఎప్పుడూ పైన, ఎండకు ఎండే చోట. పెద్ద జాతి కింద, తడి ఎక్కువసేపు నిలిచే చోట. చిన్నదానికి ఎండే ఇష్టం కాబోలని చూసినవాళ్ళు అనుకోవాలి. జోసెఫ్ కొనెల్ అనుకోలేదు. కొన్ని రాళ్ళ మీద పెద్ద జాతిని గీకేసి కనిపెట్టుకుని ఉన్నాడు. చిన్నది కింద కూడా హాయిగా పెరిగింది. అది ఇన్నాళ్ళూ పైన ఉన్నది ఇష్టపడి కాదు. కింద చోటు లేక, పెద్దది దాన్ని నలిపి, పెకలించి తోసేస్తే, తను ఓర్చుకోగలిగిన చోట మిగిలింది. 1961లో ఆ వ్యాసం వచ్చాక, ఒక జీవి ఉన్న చోటుకూ, అది ఉండగలిగిన చోటుకూ మధ్య తేడా చూడకుండా ఎవరూ మాట్లాడలేని పరిస్థితి వచ్చింది.

ఒడ్డున మడ చెట్లు. గుజరాత్‌లో చేర్ అంటారు. విస్తీర్ణంలో పశ్చిమ బెంగాల్ తర్వాత దేశంలో ఎక్కువ మడ అడవి ఈ రాష్ట్రానిదే. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన శ్వాసవేర్లు. ఆకు నాలుకకు రాస్తే ఉప్పు. లోపలికి వచ్చిన ఉప్పును అది ఆకుల మీదికి చెమటలా తోసేస్తుంది. ఇదే జాతి కచ్ తీరంలో ఉప్పు మరీ ఎక్కువై మనిషెత్తు పొదగా మరుగుజ్జైపోతుంది. మన కోరంగిలో మడ చెట్ల కింద పడవల్లో తిరిగినవాళ్ళకు ఆ పొద అదే వంశమని చెప్పినా నమ్మశక్యం కాదు.

మరి ఆ పొట్టితనం ఉప్పు చేసిందా, విత్తనంలోనే ఉందా? కంటితో చూసి చెప్పలేం. దానికొక పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు మూడు ఎత్తుల్లో మూడు తోటలు వేశారు. సముద్రమట్టానికి ముప్పై మీటర్ల దగ్గర ఒకటి, దాదాపు 1,400 మీటర్ల మీద ఒకటి, 3,050 మీటర్ల మీద, చెట్లు ఆగిపోయే చోట ఒకటి. ఒకే మొక్కను చీల్చి మూడు తోటల్లో నాటారు. ఒకే మొక్క మూడుచోట్లా మూడు రకాలుగా పెరిగితే ఆ తేడా చోటుది. వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన మొక్కలు ఒకే తోటలో కూడా తేడాగానే పెరిగితే అది విత్తనానిది. 1940లో అచ్చయిన వాళ్ళ పుస్తకం చెప్పింది రెండూ ఉన్నాయనే. మొక్క చాలా వంగుతుంది, కానీ ఎంతవరకు వంగాలో దానికి హద్దుంది. తీరపు మొక్కలు కొండమీది చలికాలాన్ని దాటలేకపోయాయి.

తిరిగొస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయనా చిన్నాయనా ఒకే ఇంట్లో, ఒకే మగ్గం గుంట పక్కన పెరిగినవాళ్ళు. ఆ గుంట పూడ్చిన ఏడాది నాన్న ఊళ్ళోనే కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. చిన్నాయన సూరత్ బండెక్కాడు. నాన్న మాట పక్కగదిలోకి వినపడదు.

ఆ రాత్రి వాకిట్లో కూర్చుని అడిగాను, ఈసారి చిన్నమ్మ సాయం లేకుండా, గొంతెత్తి. "సూరత్ నీకిష్టమేనా చిన్నాయన?"

"ఇష్టమేంది బిడ్డా. జాగ దొరికింది." కాసేపటికి తనే అందుకున్నాడు. "ఒక్కసారి ఇడిసిపెట్టి పోయినం. ప్లేగప్పుడు."

1994 సెప్టెంబరు. వరదలు తగ్గి వారాలే అయింది, ఊరంతా చెత్త. ఊపిరితిత్తుల ప్లేగు అనే మాట పుట్టగానే లక్షల మంది దొరికిన బండెక్కారు. ఏడాది నిండని కొడుకునెత్తుకుని వీళ్ళూ ఎక్కారు. ఊళ్ళో వారం రోజులు ఎవరూ గడప తొక్కలేదట. అన్న ఒక్కడే అన్నం తెచ్చి అరుగు మీద పెట్టి, దూరంగా కూర్చుని మాట్లాడి పోయేవాడట. నాన్న ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నెల తిరక్కుండా వెనక్కి వచ్చేశారు. "రాకుంటే తిండెట్ల?"

వచ్చాక ఊరు మారింది. 1995లో ఎస్.ఆర్. రావు నగరపాలక కమిషనర్‌గా వచ్చారు. ఎలుకల వెంట పడితే ఎలుకలు తగ్గవు, మళ్ళీ పుట్టుకొస్తాయి. చెత్త రోజూ ఎత్తించడం, రాత్రిళ్ళు రోడ్లూడ్పించడం, మురికివాడలకు కాలవలు, నీళ్ళు, నియమం తప్పిన హోటళ్ళకు జరిమానాలు, అధికారులంతా రోజూ వీధుల్లో తిరగాలన్న కట్టడి. ఎలుకను వదిలి ఎలుకకు తిండి, నీడ ఇచ్చే చోటును పట్టుకున్నారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరతేనని చెప్పింది. ఎలుకకు ఏది వర్తిస్తుందో మనిషికీ అదే వర్తిస్తుందని ఆ రెండేళ్ళలో సూరత్ తెలుసుకుంది. వీధుల్లో తెలుసుకుంది, ఆ తెలివి ఇంకా రేకుల షెడ్డుల్లోకి రాలేదు. చెవులకు పెట్టుకునే బిరడాలు ఎప్పుడైనా ఇచ్చారా అని అడిగాను. "పెట్టుకుంటే పోగు తెగింది వినబడొద్దా?" అన్నాడు చిన్నాయన. వినడం కోసమే చెవిని ఖర్చుపెట్టాడు.

తిరుగు బండి అర్ధరాత్రి దాటాక. ముగ్గురూ స్టేషన్‌కు వచ్చారు. చిన్నమ్మ ఘారీ మిఠాయి డబ్బా సంచిలో కుక్కింది. బండి కదిలే ముందు తమ్ముడు కిటికీ దగ్గర మెల్లగా ఏదో అన్నాడు. "ఏమంటుండు?" అని అరిచాడు చిన్నాయన. "మళ్ళీ రమ్మంటున్నడు!" అని నేనూ అరిచాను.

బోగీ అంతా చీకటి, నిద్ర. నా బెర్త్ వెతుక్కుంటూ ఎదురొచ్చిన మనిషిని నంబరు అడిగాను. దుప్పటి కిందనుంచి ఎవరిదో తెలుగు గొంతు విసుక్కుంది. "అన్నా, జర మెల్లగ. పిల్లలు పండుకున్నరు."

మూడే మూడు రోజులు. నా గొంతు ఎప్పుడు పెరిగిందో నాకు తెలియలేదు.

మర్నాడు సాయంత్రానికి ఊరు చేరాను. నాన్న కొట్టు మూసి, గల్లా లెక్క చూసుకుంటున్నాడు. తలెత్తి, "ఏందిరా, గంత గట్టిగ మాట్లాడుతున్నవ్" అన్నాడు. అప్పటికే కాస్త తగ్గిందనుకుంటున్నాను. ఇంకో రెండు రోజుల్లో పూర్తిగా తగ్గిపోయింది.

"తమ్ముడెట్లున్నడు?" అని అడిగాడు, ఎప్పటిలాగే పక్కవాడికి వినపడీ వినపడని గొంతుతో. అలవాటైందట అనబోయాను. నోటిదాకా వచ్చిన ఆ మాట అక్కడే ఆగింది.

"చెవులు వినపడుతలేవు నాయినా" అన్నాను.